చేపల బండి సైడ్ స్టెప్పులకు వేసిన కోటింగ్ నిలవాలంటే

గోపాల్‌పూర్ నుంచి బరంపురానికి చేపల లోడు తోలే పికప్ మీది. స్టెప్పుల మీద పౌడర్ కోటింగ్ లేచిపోతే నల్ల స్ప్రే డబ్బా కొట్టారు, వానాకాలం దాటకుండానే బుడగలొచ్చి ఊడింది. ఇప్పుడు ఏ పెయింటు మంచిదని అడిగారు. పెయింటు మాట తర్వాత, ముందు ఉప్పు సంగతి చూడండి.

చేపల పెట్టెల నుంచి కారే నీళ్లలోనూ, సముద్రపు గాలిలోనూ ఉప్పు ఉంటుంది. తుప్పు గుంటల్లోకి దిగిన ఉప్పు పెయింటు కింద మిగిలితే, పొర గుండా తేమను లోపలికి లాగుతుంది. బుడగ పుట్టేది అక్కడే. ఎంత ఖరీదైన పెయింటైనా దాని మీద నిలవదు.

స్టెప్పులు బండి మీద ఉండగా ఈ పని చేయొద్దు. అసలు తుప్పు వెనక వైపు, బ్రాకెట్ కింద ఉంటుంది. బోల్టులకు ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచండి, లేకపోతే తల విరిగిపోతుంది. విప్పాక బ్రాకెట్ వెల్డింగుల దగ్గర స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. మొన దిగిందంటే కోటింగ్ దండగ. మనిషి బరువు మోసే భాగం అది, మార్చేయాల్సిందే. పైపు స్టెప్పయితే చివరి మూతలు తీసి లోపలి నీళ్లు వంచేయండి. అన్నిటికంటే కింద ఉండే చోట 6 మి.మీ. రంధ్రం లేకపోతే ఒకటి వేయండి.

ముందు సబ్బు నీళ్లతో జిడ్డు వదిలించండి. జిడ్డు మీదే గ్రైండర్ పెడితే అది ఇనుములోకి ఇంకా రుద్దుకుపోతుంది. వైర్ బ్రష్ తుప్పును నున్నగా మెరిపిస్తుందే గానీ పూర్తిగా తీయదు. ఆ మెరుపు చూసి మోసపోవద్దు. దాని తర్వాత 80 నంబర్ ఫ్లాప్ డిస్క్ తిప్పాలి. గట్టిగా పట్టుకుని ఉన్న పాత కోటింగ్‌ను ఉంచొచ్చు, కానీ దాని అంచును ఏటవాలుగా అరగదీయాలి. పదునైన మూలలన్నీ గుండ్రం చేయండి. పచ్చి పెయింటు పదును అంచు నుంచి వెనక్కి జారి అక్కడ పలచబడుతుంది, తుప్పు మొదలయ్యేదీ అక్కడే.

ఇప్పుడు మంచినీళ్లతో రెండు మూడు సార్లు కడిగి వెంటనే ఆరబెట్టండి. ఆరీ ఆరకముందే గుంటల్లో గోధుమ రంగు మచ్చలు తేలితే ఉప్పు ఇంకా ఉన్నట్టే, మళ్లీ రుద్ది కడగాలి. ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే ద్రవం) లోతు గుంటలకు మాత్రం చాలు. దాని మడ్డి మిగిలితే తర్వాత వేసే ఎపాక్సీ ప్రైమర్ (అడుగు కోటు) పట్టదు, అందుకని అది కూడా కడిగేయాలి.

శుభ్రం చేసిన రోజే ప్రైమర్ పడాలి. మధ్యాహ్నం సముద్రం మీది గాలి మొదలయ్యాక ఆరుబయట ఇనుమును వదిలేస్తే కడిగిన కష్టమంతా వృథా, షెడ్డులో చేసుకోండి. గాలిలో తేమ 85 శాతం దాటితే ఆ రోజుకు ఆపేయండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచు విడిచిన తర్వాతి పూట ఈ పనికి అనువైన సమయం.

రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ చవక, కానీ ఈ వాడకానికి చాలదు. హార్డెనర్ (పెయింటును గట్టిపరిచే ద్రవం) కలిపే రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమర్ తీసుకోండి. రెండు స్టెప్పులకు అర లీటరు సరిపోతుంది. ముందు బ్రష్‌తో అంచులు, వెల్డింగులు, బోల్టు రంధ్రాలు పూసి, తర్వాత మొత్తం రెండు కోట్లు వేయండి. తర్వాతి కోటుకు డబ్బా మీద రాసిన గడువు దాటాక పై కోటు వేయాల్సి వస్తే 240 నంబర్ ఎమరీతో గరుకు చేయాలి.

పైన పీయూ (పాలీయురెథేన్) బెడ్‌లైనర్, అంటే పికప్ తొట్టి లోపల వేసే మందపాటి గరుకు కోటింగ్, వేయండి. 3 పాళ్లకు 1 పాలు హార్డెనర్ కలిపే రకమైతే కలిపాక లీటరు వచ్చే సీసా ఒక్కటే రెండు కోట్లకూ చాలు. స్ప్రే కంటే రోలరే నయం, పొర మందంగా పడుతుంది. హార్డెనర్‌లోని ఐసోసైనేట్ ఊపిరితిత్తులకు ప్రమాదం, గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు లేనిదే స్ప్రే పట్టొద్దు. కాలు పెట్టే చోట మొదటి కోటు పచ్చిగా ఉండగానే ఎండిన సన్న ఇసుక చల్లండి. సముద్రపు ఇసుక వద్దు, మళ్లీ ఉప్పు తెచ్చుకున్నట్టవుతుంది. ఆరాక వదులు రేణువులు ఊడ్చి రెండో కోటు వేయండి.

మరుసటి రోజు బిగించవచ్చు గానీ వారం దాకా పెట్టెలు మోస్తూ ఎక్కొద్దు, ప్రెషర్ వాషర్ పెట్టొద్దు. బోల్టు బిగించేటప్పుడు గీత పడితే అక్కడే ప్రైమర్ పూయండి.

స్టెప్పులు అల్యూమినియంవైతే పద్ధతి కాస్త మారుతుంది: ఎపాక్సీ కింద ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే యాసిడ్ ప్రైమర్) పడాలా అక్కర్లేదా అన్నది డబ్బా మీద చూసుకోండి, ఇనుప బ్రాకెట్‌కు మధ్య నైలాన్ వాషర్లు పెట్టండి. రెండు లోహాలు ఉప్పు నీళ్లలో నేరుగా తాకితే అల్యూమినియం తెల్ల పొడిగా తినేసుకుపోతుంది.