మారిషస్‌కి వెళ్లండి, కానీ జనవరిలో వద్దు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. కాకినాడలో ఇంటి దగ్గర నుంచే హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తున్నారు, చేతికి నెలకు 1,55,000 వస్తుంది, మీ ఆవిడ స్కూల్లో పనిచేసి 28,000 తెస్తున్నారు. పర్సనల్ లోన్ ఈఎంఐ 18,000, అమ్మానాన్నలకు 15,000, అన్నీ పోగా నెలకు 60,000 మిగులుతుంది, బ్యాంకులో 6 లక్షలున్నాయి. జనవరిలో మారిషస్ వెళ్లి ఒక ఏడాది ఉండాలని, ఆవిడ కూడా అక్కడే టీచరుగా చేరితే డబ్బు సరిపోతుందని మీ ఆలోచన.

ఆ ఆవిడ జీతం దగ్గరే మీ లెక్క తప్పింది. మీరు చూస్తున్న ప్రీమియం వీసా 2020లో పెట్టింది, బయటి దేశాల నుంచి ఆదాయం వచ్చేవాళ్ల కోసం. దాని మీద వెళ్లి అక్కడి ఉద్యోగాల్లో చేరకూడదు, మీకైనా ఆవిడకైనా అదే రూలు. నెలకు కనీసం 1,500 డాలర్ల ఆదాయం చూపించాలి, డాలరు 88 అనుకుంటే 1,32,000 రూపాయలు, మీ జీతంతో అది దాటుతారు. కానీ ఏడాదంతా ఆ ఒక్క జీతం మీదే బతకాలి. అందుకని టికెట్లు చూడకముందే మీ హెచ్‌ఆర్‌తో, మారిషస్ నుంచి పని చేయడానికి ఒప్పుకుంటున్నామని కాగితం మీద రాయించుకోండి, మేనేజర్ నోటిమాటగా సరే అన్నారని బయల్దేరొద్దు. టాక్స్ చిక్కుల వల్ల దేశం బయట నుంచి పని అంటే చాలా కంపెనీలు ఒప్పుకోవు.

ఇప్పుడు నెల లెక్క చూద్దాం. ఈఎంఐ, ఇంటికి పంపేది తీసేస్తే 1,22,000 మిగులుతుంది. అక్కడి రూపాయి మన 1.9 రూపాయలు అనుకుంటే 64,000 మారిషస్ రూపాయలు. అద్దెకి 20,000, తిండికి 18,000, కరెంటు, ఇంటర్నెట్, బస్సులు కలిపి 9,000 పెట్టుకున్నా గడుస్తుంది, గ్రాండ్ బే లాంటి టూరిస్టు బీచ్ పక్కన ఇల్లు తీసుకోనంత వరకు. రోజ్ హిల్, కాట్ర్ బోర్న్ ఊళ్ల వైపు చూడండి, మెట్రో ఉంది, కారు లేకుండా బతకొచ్చు. బియ్యంతో సహా చాలా సరుకులు బయట నుంచే వస్తాయి కాబట్టి కిరాణా బిల్లు మన ఊరి లెక్కలో ఊహించుకోవద్దు.

నాకు భయం వేసేది నెల ఖర్చు గురించి కాదు, మొదటి నెల గురించి. ఇద్దరికీ రానుపోను టికెట్లు 1,20,000, ఇంటి అడ్వాన్సు, డిపాజిట్, ఏజెంటుకిచ్చేది కలిపి 1,52,000, ఇన్సూరెన్స్ 50,000, గిన్నెలూ దుప్పట్లూ 40,000, మొత్తం 3,62,000 మొదట్లోనే పోతుంది. మధ్యలో ఇంటి దగ్గర ఎవరికైనా బాగోలేక పరిగెత్తుకు రావాల్సొస్తే, లేదా ఏడాది తర్వాత వచ్చి మళ్లీ సంసారం సర్దుకోవాలంటే 1,50,000 ముట్టుకోకుండా ఉంచాలి. ఆ 6 లక్షల్లో ఇక మిగిలేది 88,000. జీతం మూడు వారాలు లేటైతే పరాయి దేశంలో అప్పు కోసం చూడాలి, ఆ పరిస్థితి మీకు రాకూడదు.

కాబట్టి జూన్‌కి జరపండి. ఆవిడ స్కూలు ఏడాది కూడా పూర్తవుతుంది, ఐదు నెలల మిగులు 3 లక్షలు చేరి చేతిలో 3,88,000 ఉంటుంది, మూడు నెలలు జీతం రాకపోయినా నిలబడతారు. జనవరి అక్కడ తుఫాన్ల కాలం కూడా. 2024 జనవరిలో బెలాల్ తుఫానుకి రాజధాని పోర్ట్ లూయిస్ వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి. తుఫాను కొట్టాక కూరగాయల ధరలు మండిపోతాయి. జూన్‌లో వాళ్లకి చలికాలం, హాయిగా ఉంటుంది.

జీతం ఇక్కడి అకౌంట్‌లోనే పడుతుంది కాబట్టి, మీరు ఎన్నారై అయినా సరే, ఇక్కడి టాక్స్ పడొచ్చు. 183 రోజులు దాటితే అక్కడ కూడా టాక్స్ రెసిడెంట్, అంటే పన్ను లెక్కలో ఆ దేశవాసి, అవుతారు, రెండు దేశాల సంగతి తెలిసిన సీఏకి ఒకసారి ఫీజు ఇచ్చి అడగండి, ఆ డబ్బు దగ్గర పిసినారితనం వద్దు. ఫారెక్స్ మార్కప్ (విదేశీ డబ్బులో ఖర్చు పెడితే బ్యాంకు వేసే అదనపు ఛార్జీ) లేని కార్డు ఇప్పుడే తీసుకోండి, మామూలు కార్డు గీకిన ప్రతిసారీ 3.5 శాతం దాకా పోతుంది. పీఎఫ్ మాత్రం తీయకండి.

మీ పక్కనే ఉన్న కోరంగి రేవు పేరుతోనే మారిషస్‌లో స్థిరపడిన తెలుగువాళ్లని కొరంగీలు అనేవారు, ఉగాదికి అక్కడ దేశమంతా సెలవు. మీకు ఆ నేల చూడాలని ఎందుకుందో నాకు అర్థమైంది. హెచ్‌ఆర్ కాగితం చేతికొచ్చిన రోజు మళ్లీ రాయండి, అప్పటి మారకం రేటుతో ఈ లెక్క ఇంకోసారి వేద్దాం.