హావ్‌లాక్‌కి ఒక్క రోజు సరిపోతుందా, రూమ్ ఏ బీచ్ దగ్గర తీసుకోవాలి?

అత్తమామల్ని, చిన్నపిల్లల్ని తీసుకుని డిసెంబర్‌లో అండమాన్ వెళ్తున్నాం, ఏజెంటేమో హావ్‌లాక్ ద్వీపానికి (ఇప్పుడు దాని పేరు స్వరాజ్ ద్వీప్) పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చంటున్నాడు అన్నారు కదా. దయచేసి ఒప్పుకోకండి. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నుంచి ప్రైవేట్ ఫెర్రీలోనే గంటన్నర పైన పడుతుంది, దిగాక రాధానగర్ బీచ్ ద్వీపానికి అవతలి పక్క, పైగా అక్కడ డిసెంబర్లో 5 గంటలకల్లా సూర్యుడు దిగిపోతాడు, మన టైమే వాడతారు గానీ ఆ ద్వీపాలు మనకి బాగా తూర్పున ఉన్నాయి కదా. పెద్దవాళ్లకి ఒళ్లు హూనం అవడం తప్ప ఏం మిగలదు. రెండు రాత్రులు తప్పనిసరి, మూడైతే హాయి.

ఇంక రూమ్. రిసార్టులు ఎక్కువగా తూర్పు వైపు విజయనగర్, గోవింద్‌నగర్ బీచుల్లో ఉంటాయి, ఫోటోల్లో నీళ్లు గుమ్మం దాకా కనిపిస్తాయి, కానీ అది సముద్రం పోటు మీద ఉన్నప్పటి ఫోటో. పాటు టైముకి నీళ్లు బాగా లోపలికి వెళ్లిపోయి రాళ్లు, చచ్చిన పగడాలు బయటపడతాయి, చెప్పుల్లేకుండా అడుగేస్తే కాళ్లు కోసుకుంటాయి, ఈత మాటే లేదు. అందుకే వెళ్లే ముందు ఆ తేదీలకి టైడ్ టైమింగ్స్ చూసుకోండి, నెట్‌లో దొరుకుతాయి, రోజుకి ముప్పావుగంట పైనే ఆలస్యమవుతుంటాయి. మేం మా అమ్మానాన్నలతో వెళ్లినప్పుడు రోజంతా దాన్నిబట్టే నడిపాం, నీళ్లు నిండుగా ఉంటే రూమ్ ముందే స్నానాలు, లేకపోతే రాధానగర్. అలాగని పాటు టైము దండగ అనుకోకండి, తడి ఇసుక మీద చిటికెన వేలి గోరంత పీతలు మిరియాలంత ఉండలు చేసి కన్నం చుట్టూ ముగ్గులా పేర్చుకుంటూ ఉంటాయి, మా పిల్లలు వాటి దగ్గర గొంతుక్కూర్చుని భోజనానికి పిలిచినా లేవలేదు.

రాధానగర్ గురించి చెప్పాలంటే, 2004లో టైమ్ మ్యాగజైన్ ఆసియాలోనే మంచి బీచ్ అని రాసింది, 2020లో శుభ్రంగా, సురక్షితంగా ఉండే బీచులకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది, నాకైతే అది అక్షరాలా నిజమనిపించింది. మెత్తటి ఇసుక, రాళ్లుండవు, ఒడ్డున పెద్ద పెద్ద చెట్లు, మా అమ్మ మోకాళ్ల నొప్పితో కూడా ఆ నీడలో సాయంత్రం దాకా సంతోషంగా కూర్చుంది. లోపలికి దిగితే మాత్రం అలల లాగుడు ఉంటుంది, పిల్లల చెయ్యి వదలొద్దు, లైఫ్‌గార్డ్ విజిల్ వేస్తే వచ్చేయండి, మొసళ్ల బోర్డు ఉన్న మడుగుల వైపు అసలు పోవద్దు.

హావ్‌లాక్‌లోనే ఉన్న ఎలిఫెంట్ బీచ్‌కి పడవలో వెళ్లొచ్చు, పెద్దవాళ్లకి ఎక్కడం దిగడం కష్టమైతే మానేయండి, ఏం పర్లేదు. మీరెవరైనా స్కూబా చేస్తే దాన్ని మొదట్లోనే పెట్టుకోండి, డైవ్ తర్వాత కనీసం 18 గంటలు ఫ్లైట్ ఎక్కకపోవడం మంచిది. ఫ్లైట్ రోజే హావ్‌లాక్ నుంచి బయల్దేరే ప్లాన్ కూడా వద్దు, సముద్రం బాగోకపోతే ఫెర్రీలు ఆపేస్తారు, ముందురోజే పోర్ట్ బ్లెయిర్ వచ్చి పడుకోండి. పిల్లలు గవ్వలు, పగడం ముక్కలు ఏరుతుంటే అక్కడే వదిలేయించండి, ఎయిర్‌పోర్టు చెకింగ్‌లో పట్టుకుంటారు.