సీసా లోపలి చీటీ

హనుమకొండ

చిరంజీవి మౌనికకు పెద్దమ్మ ఆశీస్సులు.

పగడపు దిబ్బల చేపల పూర్వచరిత్ర తేల్చడానికి నువ్వు లక్షద్వీప్‌కు పోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు, సంతోషపడాలో భయపడాలో తోచక కాసేపు మాట్లాడలేకపోయాను. పాకాల చెరువుకన్నా పెద్ద నీరు చూడని ఇంటి పిల్లవు నడిసముద్రంలో దిగుతానంటున్నావు. నాకు ఈత రాదు కాబట్టి నా భయం కొంత అతిగానే ఉంటుంది. అయినా ఒంటరిగా దిగవద్దు, బిడ్డా. పడవవాళ్ళు వద్దన్న రోజున అసలే దిగవద్దు.

దీవుల్లోకి ప్రవేశించే అనుమతి, నమూనాలు సేకరించే అనుమతి ముందుగానే తెచ్చుకో. పగడాలకూ సముద్రగుర్రాలకూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, వాటి జోలికి పోకు. వానాకాలం రాకముందే పని ముగించు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియనిది, నేను నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పనిది ఒకటి ఉంది. 1983 ఎండాకాలంలో, వేర్వేరు చెరువుల కొర్రమట్టల మధ్య తేడాలున్నాయేమో చూడాలని పాకాల నుంచి ఒక సీసాడు, లక్నవరం నుంచి ఒక సీసాడు చేపలు తెచ్చి, కుళ్ళకుండా ఫార్మలిన్‌లో వేశాను. చెరువు పేర్లు ఇంకుతో రాసి సీసాల బయట జిగురుతో అంటించాను. రెండింటినీ ఒకే గోనెసంచిలో పెట్టి రిక్షాలో తెస్తుంటే ఒక మూత వదులై ఫార్మలిన్ కారింది. ఇంటికి వచ్చి చూస్తే రెండు చీటీలూ ఊడిపోయి, అక్షరాలు నీలిమరకలై ఉన్నాయి. మళ్ళీ పోయి పట్టుకురావడానికి చేతిలో డబ్బు లేదు, గడువూ దగ్గరపడింది. పాకాల పెద్ద చెరువు కదా, పెద్ద చేపలున్న సీసా దానిదే అయి ఉంటుందని నాకు నేనే తీర్పు చెప్పుకొని కొత్త చీటీలు అంటించాను. తరువాత వాజాల ముళ్ళు, పొలుసుల వరుసలు లెక్కపెట్టి, పాకాల కొర్రమట్టలు పెద్దవని శ్రద్ధగా తేల్చాను. నా ఊహనే నా ఫలితంగా రాసుకున్నానన్న సంగతి అప్పుడు తట్టలేదు. తట్టిన రోజున నోరు విప్పే ధైర్యం రాలేదు. చాలా ఏళ్ళకు, అసలు సంగతి చెప్పకుండానే, ఒక విద్యార్థి చేత ఆ చేపల డీఎన్ఏ తీయించి నిజం తేల్చవచ్చునేమోనని చూశాను. ఫార్మలిన్ దాన్ని తుంచి, ప్రొటీన్లతో ముడివేసి ఉంచింది. చదవగలిగినంత ముక్క ఒక్కటీ దక్కలేదు.

అందుకే చెబుతున్నాను: డీఎన్ఏ కోసం కోసిన వాజం ముక్కను 95 శాతం ఇథనాల్‌లో వెయ్యి, ఫార్మలిన్ దగ్గరికి పోకు. చీటీ పెన్సిలుతో రాసి సీసా లోపల వెయ్యి. ఇథనాల్ తగిలితే ఇంకు కరుగుతుంది, పెన్సిలు గీత కరగదు. దీవి పేరు, దిబ్బ ఏ వైపుదో, లోతు, తేదీ అక్కడికక్కడే రాయి. రాత్రికి గదిలో కూర్చొని రాస్తానంటే నేను ఒప్పుకోను.

మన గొలుసుకట్టు చెరువుల్లో మత్తడి దుంకితే చేప కింది చెరువుకు పోతుంది. దిబ్బ చేపల పిల్లలైతే కంటికి ఆనీ ఆనని వయసులో వారాల తరబడి ప్రవాహంలో కొట్టుకుపోయి, బతికినవి ఏదో ఒక దిబ్బకు చేరుతాయి. లక్షద్వీప్ దక్షిణపు కొసనున్న మినికాయ్‌కూ ఉత్తరపు దీవులకూ మధ్య తొమ్మిది డిగ్రీల జలసంధి ఉంది. మినికాయ్ చేపలకు ఉత్తరాన ఉన్న కవరత్తి దీవి దగ్గరి చుట్టమో, మాల్దీవులు దగ్గరి చుట్టమో నీ సీసాలే చెప్పాలి. అక్కడ చీటీ తారుమారైతే చుట్టరికమే తారుమారవుతుంది. ఒకే గుంటలో ముప్పై చేపలు పట్టి దీవి మొత్తానికి లెక్క కట్టకు.

దాదాపు 20,000 ఏళ్ళ క్రితం సముద్రమట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కిందికి ఉండేది; నేడు చేపలు తిరుగుతున్న లోతులేని మడుగులు అప్పుడు ఎండిన నేల. ఏటవాలు అంచుల మీద మిగిలిన కొద్ది చేపల నుంచే తరువాతి మందలు పెరిగి ఉంటే, చాలా చేపల్లో కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని డీఎన్ఏ ఒకే తీరుగా ఉండి, మిగతావాటిలో ఒకటి రెండు అక్షరాల తేడా మాత్రమే కనబడుతుంది. 1998లో పగడాలు తెల్లబారి చచ్చిన సంగతి చదివి, డీఎన్ఏలోని ప్రతి తేడానూ దాని ఖాతాలో రాయకు. అంత నిన్నమొన్నటి దెబ్బ ఈ డీఎన్ఏలో అంత తొందరగా కనిపించదు.

ఆ మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కదా. మా అమ్మది నాకూ మీ అమ్మకూ వచ్చింది, మీ అమ్మ నుంచి నీకు. నీటి భయం కూడా అందులో ఉంటే బాగుండునని మొన్న రాత్రి అనుకున్నాను.

కొచ్చిలో ఓడ ఎక్కేముందు ఫోను చెయ్యి. తమ్ముడి చేత రెండు డజన్ల పెన్సిళ్ళు, ఒక చిన్న చాకు పంపుతున్నాను. సకినాలు వేరే డబ్బాలో ఉన్నాయి, వాటిని సీసాల పెట్టెలో సర్దకు.

పెద్దమ్మ