పేరు అన్నయ్యకు, పనులు నాకు

ప్రశ్న: మాది చిత్తూరులో పేరున్న కుటుంబం. తాతగారు స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్ళారు, తర్వాత శాసనసభ్యుడిగా చేశారు. అన్నయ్య విదేశాంగ సర్వీసులో ఉన్నాడు, ఇప్పుడు యూరప్‌లో పని. నేను తిరుపతిలో లెక్చరర్‌ని. మా దగ్గరే ఉంటున్న నాన్నకు వారానికి మూడుసార్లు డయాలసిస్. అన్నీ నేనే చూసుకుంటాను. ఏడాదికోసారి అన్నయ్య వస్తే ఇంటి నిండా జనం, శాలువాలు. "పెద్దింటి బిడ్డలకే ఆ పదవులు" అంటూ నాన్న విజయలక్ష్మీ పండిట్ పేరు చెబుతారు. నేనేమైనా అంటే, "వాడు దేశం పని చేస్తున్నాడు, కదిలించకు" అంటారు. నేనూ సివిల్స్‌కు చదివాను. అమ్మకు జబ్బు చేసి మానేశాను. అన్నయ్యను ఉద్యోగం వదిలి రమ్మనాలనిపిస్తోంది. నాది అసూయేనా?

జవాబు: అసూయ కొంత ఉంది, ఉండనివ్వండి. మీరు మధ్యలో వదిలేసిన చదువును ఆయన పూర్తి చేశారు. మనసు చివుక్కుమనదా?

నన్ను ఆలోచింపజేసింది మీ నాన్నగారి మాట. దేశం పని, ఇంటి పని అని రెండుగా విడదీసి, రెండోది కూతురి ఖాతాలో వేశారు. విదేశాంగ సర్వీసు కూడా చాలాకాలం ఇలాగే అనుకుంది, నిబంధనల్లో రాసుకుంది కూడా. అప్పట్లో మహిళా అధికారి పెళ్ళికి ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవలసి ఉండేది. సంసారం విధులకు అడ్డమని తోస్తే రాజీనామా చేయమనే వీలుండేది. ఆ సర్వీసులో చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మ దీనిమీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1979 నాటి తీర్పులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, ఇంటి బాధ్యతలు మగ అధికారికి మాత్రం అడ్డు రావా అన్న అర్థంలో ప్రశ్నించారు. ఆ ప్రశ్న మీ ఇంట్లో ఇంకా ఎవరూ అడగలేదు.

ఇక పెద్దింటి సంగతి. స్వతంత్ర భారతం మాస్కోకు పంపిన తొలి రాయబారి నెహ్రూ చెల్లెలు విజయలక్ష్మీ పండిట్, నిజమే. ఆమెకు స్టాలిన్‌ను కలిసే అవకాశం దొరకలేదు. ఆమె తర్వాత 1949లో వెళ్ళిన రాధాకృష్ణన్‌తో స్టాలిన్ స్వయంగా మాట్లాడాడు. ఈయన తిరుత్తణిలో సామాన్య కుటుంబంలో పుట్టి, తిరుపతిలో బడికి వెళ్ళినవారు. (1960 వరకు తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలోదే.) మీ అన్నయ్యకు ఉద్యోగం వచ్చింది పరీక్ష రాసి, తాతగారి పేరు చెప్పి కాదు. అమ్మగారి మంచం పక్కన ఎవరు కూర్చున్నారో ఆయనకు తెలియకపోదు.

ఉద్యోగం వదిలి రమ్మని మాత్రం అడగకండి. ఆయన రారు, చెడ్డపేరు మీకు మిగులుతుంది. ఒకవేళ వచ్చినా ఆ ఇంట్లో మనసు విరిగినవారు ఇద్దరవుతారు. విదేశాంగ అధికారులు జీవితమంతా బయటే ఉండరు. ఒక్కోచోట సుమారు మూడేళ్ళు, మధ్యలో ఢిల్లీ. చెన్నై, హైదరాబాద్‌లలోని ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయాలకు కూడా ఈ సర్వీసు అధికారులు వస్తుంటారు. చెన్నై నుంచి తిరుపతి నాలుగు గంటల లోపు ప్రయాణం. తర్వాతి బదిలీకి తన ఇష్టాలు ఎప్పుడు తెలపాలో ఆయన్నే అడగండి, ఆ గడువు దాటకముందే మీ మాట చెప్పండి. దానివల్ల తన ఎదుగుదల దెబ్బతింటుందని ఆయన అనవచ్చు. తినవచ్చు. మీది ఎప్పుడో తింది.

బదిలీ వచ్చేదాకా ఆగనక్కరలేని పనులూ ఉన్నాయి. వారంలో ఒకటి రెండుసార్లు నాన్నగారిని ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికి ఒక మనిషిని పెట్టమనండి. జీతం అన్నయ్యే ఇవ్వాలి. ఆ మనిషి రాని రోజున ఇంకొకరి కోసం ఫోన్లు చేయవలసింది కూడా ఆయనే. డబ్బు పంపి చేతులు దులుపుకోవడం మన ఇళ్ళలో బాగా అలవాటు కనుక ఈ రెండో షరతును వదలకండి. ఆయన సెలవుకు వచ్చినప్పుడు మీరు ఊళ్ళో ఉండకండి. పిల్లలతోనో స్నేహితులతోనో ఎటైనా వెళ్ళండి. శాలువాలు కప్పేవారు హాల్లో కాసేపు కూర్చుంటారు, డయాలసిస్ వేళకు కొడుకే తీసుకువెళతాడు. నాన్నగారు మొదట అలుగుతారు. అలిగినా వెళ్తారు, ఎందుకంటే వెళ్ళక తప్పదు.

ఈ మాటలన్నీ మాట్లాడే ఫోను నాన్నగారి గదిలోంచి చేయకండి. ఆయన వింటున్నారంటే మీరు సగం మింగేస్తారు.