తాతగారి క్రమశిక్షణ, మనవడి మొండితనం

ప్రశ్న: మాది బెంగళూరు, హలసూరు. మామయ్యగారు సైన్యంలో మద్రాస్ సాపర్స్ అనే ఇంజనీరింగ్ దళంలో సుబేదారుగా రిటైరయ్యారు. తెల్లవారుజామున ఐదింటికి ఇంటిల్లిపాదీ ప్రార్థనలో ఉండాలంటారు. పదో తరగతి చదివే మా అబ్బాయి ట్యూషన్, హోంవర్క్ అయ్యేసరికి పదకొండు. లేవకపోతే దుప్పటి లాగేసి, ‘క్రీస్తు సైనికుడు ఇలాగేనా ఉండేది?’ అని అరుస్తారు. వాడిప్పుడు చర్చికే రానంటున్నాడు. ఇద్దరి మధ్య నలిగిపోతున్నాను.

జవాబు: అమ్మా, మీ మామయ్యగారి దగ్గర వాడు నేర్చుకోవలసింది చాలా ఉంది. మనసు బాగున్న రోజే ప్రార్థన, ఓపికున్న రోజే పరిచర్య అన్నట్టుంటుంది మనలో చాలామంది భక్తి. సైనికుడికి ఆ వెసులుబాటు లేదు. అందులోనూ సాపర్లు, వెనక వచ్చే దళం కోసం ముందే వెళ్ళి వంతెన వేసేవాళ్ళు, మందుపాతరలు తీసేవాళ్ళు. పరిచర్య అంటే ఏమిటో ఆయనకొకరు చెప్పనక్కర్లేదు.

కానీ ఆ అరుపుల్లో వాడికి ఇవేవీ వినపడవు. ఆయన చెప్పే ‘క్రీస్తు సైనికుడు’ మాట బైబిల్లో పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన రెండో పత్రికలో, రెండో అధ్యాయంలో ఉంది. మొదటి అధ్యాయంలో పౌలు అతన్ని ప్రియ కుమారుడని పిలుస్తాడు, అతని కన్నీళ్ళను తలచుకుంటాడు, ఆ విశ్వాసం ముందు అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉండేదని గుర్తుచేస్తాడు. శ్రమపడమన్నది ఆ తర్వాతే. ఒక రాత్రి ఆ అధ్యాయం మామయ్యగారినే చదివి వినిపించమనండి. మీరు వ్యాఖ్యానం చెయ్యొద్దు.

1932లో డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీ ప్రారంభిస్తూ అప్పటి భారత సైన్యాధిపతి చెట్‌వుడ్ ఆఫీసర్లకు చెప్పింది కూడా ఇదే వరస: దేశం ముందు, కింది జవాన్ల బాగోగులు తర్వాత, సొంత సుఖం ఎప్పుడూ చివర. ఇంట్లో మామయ్యగారి కింది జవాను మీ అబ్బాయే కదా!

ఈ వయసు పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. వేళ మార్చమని మీవారు అడగాలి, మీరు కాదు. కోడలు అడిగితే ఎదురు చెప్పినట్టవుతుంది. కుటుంబ ప్రార్థన రాత్రి భోజనానికి ముందు పెట్టుకోండి, పొద్దున్న ఐదింటిది మామయ్యగారు తన కోసం చేసుకుంటారు. అయితే కొత్త వేళకు మీవాడు తప్పకుండా కూర్చోవాలి, పరీక్షలున్నా సరే. అక్కడ వాణ్ణి వెనకేసుకురాకండి.

ఆరాధనకు రమ్మని కొన్నాళ్ళు బలవంతపెట్టకండి. శనివారం సాయంత్రం చర్చిలో కుర్చీలు వేయడానికి, మైకు చూడడానికి తాతగారితో పంపండి. పక్కపక్కన పనిచేస్తుంటే మాటలు వాటంతటవే వస్తాయి. ట్రైనింగులో మొదటి నెల ఎలా గడిచిందో ఆయన్ని అడగమని వాడితో చెప్పండి.