కోనసీమలో పిల్లర్ల ఇంటి కింద సెల్లార్‌ని గదులుగా మార్చాలంటే ప్లాన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: అమలాపురం దగ్గర పిల్లర్ల మీద లేపి కట్టిన ఇల్లు, కింద 30×40 అడుగుల సెల్లార్ ఖాళీగా ఉంది. అమ్మానాన్నలు మెట్లెక్కలేకపోతున్నారు కాబట్టి వాళ్ళకో పడకగది, బాత్‌రూమ్, పిల్లలు చదువుకోడానికో గది, ఒక స్టోరు వెయ్యాలి. అమెరికాలో ఉన్న తమ్ముడు వాళ్ళింటి బేస్‌మెంట్ ఫొటోలు పంపాడు, అలా చేయించుకోవచ్చా?

మాది రాజోలు వైపు. ఇదే పని 2019లో చేశాం. 2022 జులై తర్వాత సగం పగలగొట్టి మళ్ళీ చేశాం. ఒకే పనికి రెండుసార్లు డబ్బు పోసినవాణ్ణి కాబట్టి కాస్త ధైర్యంగానే చెప్తున్నాను.

ముందు ఆ ఫొటోల సంగతి. చలి దేశాల్లో శీతాకాలం నేల గడ్డకడుతుంది. పునాది ఆ లోతు దాటి దిగాలి కాబట్టి ఎలాగూ తవ్విన గుంతని గదిగా వాడుకుంటారు. మన దగ్గర నాలుగు పారలు తవ్వితే నీళ్ళు కనబడతాయి. అందుకే మనం కిందకి తవ్వం, పైకి లేపుతాం. వాళ్ళ చెక్క ఫ్రేములు, జిప్సమ్ షీట్లు, కార్పెట్లు మన నిమ్ముకి రెండు వానాకాలాలు కూడా ఆగవు. నేను 2019లో గోడలకి ప్లైవుడ్ ప్యానెలింగ్ చేయించాను. మేస్త్రి వద్దన్నాడు, వినలేదు. ఏడాదిన్నరకే వెనకవైపు బూజు, చెదలు.

వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది మాత్రం ఒకటుంది. అక్కడ బేస్‌మెంట్‌లో పడకగది వేస్తే మనిషి బయటికి రాగలిగే కిటికీ తప్పనిసరి. దాని అడుగు అంచు నేల నుంచి 44 అంగుళాలు మించకూడదు. మనం కిటికీలన్నిటికీ ఇనప గ్రిల్లు బిగించేసి, ఒక్క గుమ్మం పెట్టి ఊరుకుంటాం. పెద్దవాళ్ళు పడుకునే గదిలో ఒక కిటికీకైనా లోపల్నుంచి తెరుచుకునే గ్రిల్లు పెట్టించండి.

ఇక ప్లాన్. అందరూ గదుల దగ్గర మొదలుపెడతారు, నేనూ అంతే చేశాను. మీరు నీళ్ళ దగ్గర మొదలుపెట్టండి. 1986 ఆగస్టు గోదావరి వరదకి ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. 2022 జులైలో 25 లక్షలు దాటింది. కానీ మీ ఇంటికి కావలసింది ఆ లెక్క కాదు, మీ వీధిలో నీళ్ళు ఎంతవరకు వచ్చాయన్నది. వీధిలో పాత పెంకుటిల్లు ఉంటే ఆ ఇంటి పెద్దాయన్ని అడగండి, గోడ మీద చెయ్యి పెట్టి మరీ చూపిస్తారు. మా వీధిలో 86 గుర్తు నా ఛాతీ దగ్గరుంది. 2022లో మాకు గట్టు తెగి నీళ్ళు రాలేదు. మాది ఏటిగట్టుకి ఇవతలి ఊరే. ఏరు నిండుగా ఉండి డ్రైన్లు లాగక, పైనుంచి వాన కురిసి, నీళ్ళు వెనక్కి తన్నాయి. సెల్లార్‌లో ఏడు అంగుళాలు, మూడు రోజులు నిలబడ్డాయి.

రెండోసారి ఆ ఏడు అంగుళాలకి రెండు కలిపి, గదుల నేల తొమ్మిది అంగుళాలు లేపాం. 86 లాంటిది వస్తే ఇది ఏ మూలకీ చాలదు. అప్పుడు పెద్దవాళ్ళని పైకి తీసుకెళ్ళాలి. అందుకే మెట్లకి రెండు వైపులా రెయిలింగ్, పైన ఒక గదిలో వాళ్ళకో మంచం ఇప్పటి నుంచే ఉంచండి.

నేల లేపితే పైన తల తగులుతుంది కాబట్టి ఎత్తు లెక్క వెంటనే వేసుకోవాలి. మాకు నేల నుంచి శ్లాబు అడుగుకి 10 అడుగులు. బీములు 15 అంగుళాలు కిందకి దిగి ఉన్నాయి, అంటే బీము కింద 8 అడుగుల 9 అంగుళాలు. టైల్స్‌తో కలిపి తొమ్మిది అంగుళాలు లేపాక బీము కింద సరిగ్గా 8 అడుగులు మిగిలింది. జాతీయ బిల్డింగ్ కోడ్ ప్రకారం మనుషులుండే గదికి ఎత్తు 2.75 మీటర్లు, బీము కింద 2.4 మీటర్లు తగ్గకూడదు. ఎనిమిది అడుగులంటే 2.43, గట్టెక్కాం. ఫాల్స్ సీలింగ్ ఆశ అక్కడే వదిలేశాం. మీకు శ్లాబు తొమ్మిది అడుగులకే ఉంటే లేపడానికి చోటుండదు. ఆ పరిస్థితిలో పడకగది ఆలోచన మానుకుని స్టోరు, కూర్చునే చోటు వరకు ఆగడం మేలని నా ఉద్దేశం.

తర్వాత కదలనివాటిని కాగితం మీద పెట్టండి: పిల్లర్లు, మెట్లు, సంపు, బోరు మోటారు, పైనుంచి దిగే డ్రైనేజీ పైపులు, అవి కలిసే మూత గుంటలు (ఛాంబర్లు), సెప్టిక్ ట్యాంకు. ఛాంబర్ మూత మీద గది కట్టకండి. నేను కట్టాను. మూత మీద టైల్స్ వేసి, దాని మీద మంచం వేశాం. పై బాత్‌రూమ్ పైపు పూడుకుపోయినరోజు ఆ మంచం జరిపి, టైల్స్ పగలగొట్టి, ఛాంబర్ తెరిచిన వాసన ఇప్పటికీ మా ఆవిడ గుర్తు చేస్తూనే ఉంటుంది.

బాత్‌రూమ్ చోటుని నిర్ణయించేది సెప్టిక్ ట్యాంకే. నాలుగు అంగుళాల పైపుకి నలభై అడుగులకి ఒక అడుగు వాలు లెక్కన, మా 12 అడుగుల దూరానికి మూడున్నర అంగుళాలు కావాలి. ట్యాంకులోకి పైపు వెళ్ళే చోటు పై అంతస్తు కోసం పెట్టింది కాబట్టి ఎత్తుగానే ఉంటుంది. నేల లేపకుండా ఉంటే మాకు వాలు దొరికేదే కాదు. ఇంకో సంగతి. ముంపు రోజుల్లో ట్యాంకు నిండితే ఆ నీళ్ళు వెతుక్కునేది ఇంట్లో అన్నిటికంటే కింద ఉన్న కమోడ్‌నే. 2022లో అర్ధరాత్రి గుడగుడమని చప్పుడు, లేచి చూస్తే... సరే, వదిలేద్దాం. ఇప్పుడు ఆ లైన్‌లో నీళ్ళు వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ ఉంది, దాన్ని తెరిచి శుభ్రం చేసుకునేలా బయట గోడ పక్కనే పెట్టాం.

గోడలు పిల్లర్ల వరస మీదే రానివ్వండి. కింద పిల్లర్లని కలిపే ప్లింత్ బీము ఉండేది అక్కడే, పైన దిగిన బీము కూడా గోడలో కలిసిపోతుంది. వరస తప్పించి మధ్యలో నాలుగు అంగుళాల గోడ లేపితే దానికి ఆధారం పోసిన మట్టే. మన నల్లమట్టి వానకి ఉబ్బి ఎండకి కుంగుతుంది, గోడ మూలనుంచి మూలకి చీలుతుంది. ఎత్తు కోసం నేల నింపేటప్పుడు రొయ్యల చెరువు మట్టి చవగ్గా దొరికిందని తెచ్చుకోకండి, ఉప్పు జీవితాంతం పైకి పొంగుతుంది. అలాగే సిమెంటు పని తడపడానికి (క్యూరింగ్‌కి) ఉప్పు బోరు నీళ్ళు వద్దు, లోపలి ఇనుము తుప్పు పడుతుంది. పిల్లర్లకి ఇప్పటికే సన్న చీలికలుంటే ముందు ఇంజనీరుకి చూపించండి, గోడల్లో కప్పేశాక ఎవరికీ కనబడవు. మేస్త్రి వైర్ల కోసం పిల్లరు చెక్కుతానంటే ఒప్పుకోవద్దు.

నిమ్ము సంగతి తేల్చడానికి మేస్త్రి అక్కర్లేదు. రెండు అడుగుల పాలిథీన్ షీటు నేల మీద పరిచి, నాలుగంచులా టేపు అంటించి ఒక రోజు వదిలెయ్యండి. షీటు కింద చుక్కలు పడితే తేమ నేల నుంచి, పైన పడితే గాలి నుంచి. ఇది కాలవలకి నీళ్ళు ఆపేసిన ఎండాకాలం చేస్తే అంతా బాగానే కనబడుతుంది. వరి చేలల్లో నీళ్ళున్నప్పుడు చెయ్యండి. పని మాత్రం కాలవలకి నీళ్ళు ఆపాకే మొదలుపెట్టండి.

ఇక మా ప్లాన్. 30×39 అడుగులు, పిల్లర్ల మధ్య ఒక్కోటి 10×13 చొప్పున తొమ్మిది అరలు, రోడ్డు తూర్పున. నైరుతి అర పడకగది. దానికి ఆనుకుని పడమటి మధ్య అరలో సగం బాత్‌రూమ్, సగం బీరువాల గది. వాయవ్యంలో స్టోరు, దాని బయటే సెప్టిక్ ట్యాంకు. దక్షిణం మధ్యలో పిల్లల గది, సాయంత్రం సముద్రం గాలి అటే వస్తుంది. నట్టనడుమ అరకి వెలుతురు రాదు కాబట్టి అది నడవా. వాస్తు మా మామగారు చూసుకున్నారు. అదృష్టం బాగుండి ఆయన చెప్పిన మూలలూ పైపుల వాలూ ఒకటే అయ్యాయి.

రోడ్డు వైపు మూడు అరలూ ఇప్పుడు ఖాళీ. మొదటిసారి అవి కూడా మూసేసి, ఆ సంక్రాంతికి అల్లుళ్ళ కార్లు వీధిలో, కొబ్బరికాయల రాశి వానలో పెట్టుకున్నాం. రెండోసారి ఆ గోడలు తీసేసి అరుగు కట్టాం, ఇంట్లో అందరూ ఎక్కువసేపు ఉండేది అక్కడే.

నేల నుంచి అరుగు దగ్గరకి మెట్టు కాకుండా తొమ్మిది అడుగుల పొడవు ర్యాంపు పెట్టాం, అంగుళం ఎత్తుకి అడుగు లెక్క. కరెంటు వైర్లన్నీ పైనుంచే దిగుతాయి, ప్లగ్గులు నాలుగు అడుగుల ఎత్తున, కింద అంతస్తుకి విడిగా, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్.సి.సి.బి. స్విచ్. ఇన్వర్టర్ పై అంతస్తులో. స్టోరులో ధాన్యం బస్తాలకి రెండు అడుగుల సిమెంటు దిమ్మ. గుమ్మాలకి గ్రానైట్ ఫ్రేములు, తలుపు కింద సందు లేకుండా రబ్బరు పట్టీ. ముంపు రోజుల్లో పాములు మెరక వెతుక్కుంటూ ముందు ఇళ్ళలోకే వస్తాయి.

గీసిన ప్లాన్‌ని కాగితం మీద నమ్మకండి. మేం నేల మీద ముగ్గుతో గోడలు గీసి, మడత మంచం, కుర్చీలు వేసి వారం రోజులు అలాగే తిరిగాం. బాత్‌రూమ్ తలుపు మంచానికి తగులుతుందని మా అత్తగారు రెండోరోజే పట్టేశారు.

మీ పర్మిషన్ ప్లాన్‌లో కింద భాగం పార్కింగ్ అని చూపించి ఉంటే గదులు కట్టడం దానికి విరుద్ధం అవుతుంది. ఇటుకలు దింపకముందే పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో కనుక్కోండి.

బీము కింద ఎత్తు, సెప్టిక్ ట్యాంకులోకి పైపు వెళ్ళే ఎత్తు, వీధిలో నీళ్ళు వచ్చిన గుర్తు, ఈ మూడు కొలతలూ తీసి ఇక్కడ పెట్టండి. బాత్‌రూమ్ ఏ అరలో కుదురుతుందో చూసి చెప్తాను.