బతుకమ్మ దగ్గర డీజే పాట

ప్రశ్న: మా వాడలో కొన్నేండ్లుగా బతుకమ్మ ఆట పూర్తిగా డీజే మీదనే నడుస్తున్నది. యూట్యూబ్‌లో వచ్చిన కొత్త పాటలకు ఆడపిల్లలు స్టెప్పులేస్తుంటే మా అత్తమ్మ వంటివారు అరుగుల మీద కూర్చొని చూస్తున్నారు. జనం మెచ్చినదే సంస్కృతి అని సరిపెట్టుకోవాలా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: కొత్త పాట వచ్చినంత మాత్రాన సంస్కృతి చెడిందని నేను అనుకోను. మన దిక్కున జనం పాట ఎన్నడూ ఒక్కచోట ఆగలేదు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ప్రజాకవి సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు, బుర్రకథ వంటి ఊరందరికీ తెలిసిన కళారూపాలను తీసుకొని, వాటిలో దొరల దౌర్జన్యాన్ని, కూలి జనం కష్టాన్ని చెప్పారు. పాలమూరు వైపు జానపద వీరుడు పండుగల సాయన్న కథను పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగల వాద్యం మీద పాడుతూ వచ్చిన దర్శనం మొగిలయ్య పేరు ఇంటింటికీ చేరింది మాత్రం 2021లో ఒక సినిమా పాటలో ఆయన గొంతు వినిపించిన తర్వాతనే. మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది. సినిమా ఆ కళను మింగేసిందనలేము, నిలబెట్టిందనీ అనలేము. ఆ గొంతును గుర్తుపట్టేవారిలో సాయన్న కథ మొత్తం కూర్చొని విన్నవారు ఎందరుంటారు?

మీ వాడ విషయంలో నేను అడిగేది, ఆడేవారి మాట పాట మీద ఎంత చెల్లుతున్నదన్నదే. ఒకామె చెప్తుంటే మిగతావారు ‘ఉయ్యాలో’ అని అందుకునేటప్పుడు, చెప్పే ఆమె తన ఇంటి సంగతో ఊరి చెరువు సంగతో అందులో కలపగలదు. ముసలామెకు అడుగు అందకపోతే పాట నెమ్మదిస్తుంది. ఎవరైనా ఆలస్యంగా బతుకమ్మను తెచ్చి దించితే ఆడేవారు జరిగి చోటిస్తారు. డీజే పెట్టె ఎవరి కోసమూ ఆగదు. ఒక పాట నాలుగు నిమిషాల్లో అయిపోయి అంతకంటే జోరుగా ఇంకొకటి మొదలవుతుంది, ఆ జోరు అందుకోలేనివారు అరుగెక్కుతారు. పెద్దవారికి కొత్త పాటలు గిట్టవని మాత్రం అనుకోకండి; మధ్యాహ్నం పూట ఫోన్‌లో అవే పెట్టుకొని వినేవారు వారిలోనూ ఉన్నారు.

ఆడపిల్లలను తప్పుపట్టవలసిన పని లేదు. వాడంతా చూస్తుండగా జంకు లేకుండా ఆడే సందర్భాలు వారికి ఏడాదిలో ఎన్ని దొరుకుతాయి? సద్దుల బతుకమ్మ నాడు మొదటి గంట డీజే పెట్టకుండా, మీ అత్తమ్మ చెప్తుంటే పిల్లలు అందుకునేటట్టు చూడండి. తర్వాత డీజే పెట్టెతో పిల్లల వంతు. చెరువుకు సాగనంపేటప్పుడు ఏ పాట ఎత్తుకోవాలన్నది పెద్దవారికే వదిలిపెట్టండి.